ఇతరుల బుధవారాలు

ఆ పరిశోధన సంస్థలో ఆమెను అందరూ కంప్యూటరమ్మాయి అనేవారు. అమ్మాయికి నలభై దాటాయి. రాళ్ల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది. అయితే ఆ పరిశోధన నడుస్తుండగానే ఆమెకు ఒక సంగతి తెలిసివచ్చింది. తనకు రాళ్ల మీదకన్నా, రాళ్ల లెక్కలు కట్టడానికి రాసుకున్న ప్రోగ్రామ్ మీద ప్రేమ ఎక్కువ. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, పక్క గదిలోని నదుల ప్రొఫెసరు పసిగట్టేశాడు. "ఓ పది రోజులు నాకు కాస్త సాయం చేసిపెట్టమ్మా" అన్నాడు. ఆ పది రోజులు తొమ్మిదేళ్లుగా నడుస్తున్నాయి.

ప్రొఫెసరుగారి ప్రోగ్రామ్ చేసే పని చెప్పడానికి తేలిక. ఎగువన ఇంత వాన పడితే దిగువన ఏయే వీధుల్లోకి నీళ్లొస్తాయో ముందుగా చెబుతుంది. ఊరికి వచ్చే వరద హెచ్చరికలన్నీ దాని నుంచే వెళ్లేవి. మొదట దాన్ని ప్రొఫెసరే ఒక వేసవి సెలవుల్లో రాశాడు. తర్వాత ఆమె చేతికి వచ్చింది. ఆమె దానికి అతుకులు వేసింది, అతుకుల మీద అతుకులు వేసింది, కొన్నాళ్లకు అసలు గుడ్డ ఏదో అతుకు ఏదో తనకు తప్ప ఎవరికీ తెలియని స్థితికి తెచ్చింది.

ఆమె ఉద్యోగానికి పేరు లేదు. ఏటా మార్చి వచ్చేసరికి ఏ పద్దులో నిధులు మిగిలితే ఆ పద్దులో ఆమెను మళ్లీ తీసుకునేవారు. ఒక ఏడాది పరిశోధన సహాయకురాలు. ఇంకో ఏడాది తాత్కాలిక సాంకేతిక సిబ్బంది. ఒకసారి పరికరాల కొనుగోలు పద్దు తప్ప ఏదీ మిగల్లేదు. ఆ ఏడాది స్టోర్స్ గుమాస్తా నంబరున్న స్టిక్కరు పట్టుకుని వచ్చి, ఎక్కడ అంటించాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి ఆమె కుర్చీకి అంటించి వెళ్లాడు. ఏడాది చివర తనిఖీకి మళ్లీ వచ్చాడు.

"పనిచేస్తోందాండీ?" అని అడిగాడు.

"చేస్తోంది" అంది ఆమె.

టిక్కు పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లో ఈ తంటా ఆమె ఒక్కదానికే. భర్త రైలు నడుపుతాడు. ఆ మాటకు ఎవరూ వివరణ అడగరు. అత్తగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఆ మాటకు జనం లేచి నిలబడతారు. కోడలు ఏం చేస్తుందని పక్కింటావిడ అడిగితే, "సైంటిస్టులకి ప్రోగ్రాములు రాస్తుంది" అని చెప్పింది అత్తగారు. పక్కింటావిడ సంతోషించి, "ఏ ఛానెల్లో వస్తాయండీ?" అంది.

మార్పు మొదలైంది భద్రతా దినం నాడు. మంటలు వస్తే ఏం చేయాలో సంస్థలో అందరికీ ఏడాదికోసారి నేర్పుతారు. శాస్త్రవేత్తలను పెద్ద హాలుకు, ఆఫీసువాళ్లను పై అంతస్తుకు, ల్యాబు సిబ్బందిని క్యాంటీనుకు రమ్మన్నారు. నోటీసు అడుగున, ఈ మూడింట్లోకీ రాని ఇతరులు నేలమాళిగకు రావాలని ఉంది. ఆమె తన కుర్చీ స్టిక్కరు గుర్తు చేసుకుని నేలమాళిగకు వెళ్లింది.

అక్కడ ఇద్దరు డ్రైవర్లు, ఒక ఫొటోగ్రాఫరు, తామెందుకు వచ్చారో తమకే తెలియని మరికొందరు ఉన్నారు. నేర్పే మనిషి మంటలార్పే సిలిండరు ఎత్తి చూపిస్తున్నాడు. ఆమె పక్కన గుబురు గడ్డం ఉన్న ఒకాయన బల్ల కింద ల్యాప్‌టాప్ తెరిచి, దాన్నే దిగులుగా చూస్తున్నాడు. ఆమె కళ్లు అటు వెళ్లాయి.

"ఆ ఎర్రర్ నాకూ వచ్చిందండీ" అంది మెల్లగా.

"ఎలా పోయింది?"

"పోలేదు. సర్దుకుపోతున్నాను."

ముందు వరసలో ఉన్న సన్నటి మనిషి వెనక్కి తిరిగాడు. "మాకు పోయిందండీ" అన్నాడు.

మంట ఎన్ని రకాలో వాళ్లు ముగ్గురూ వినలేదు. గడ్డమాయన విత్తనాల విభాగంలో పనిచేస్తాడు, విత్తనాల జన్యువులను పోల్చి చూసే ప్రోగ్రాములు రాస్తాడు. సన్నటి మనిషి నక్షత్రాల విభాగంలో దుర్భిణి పంపే బొమ్మలను శుభ్రం చేసే ప్రోగ్రాములు రాస్తాడు. ఇద్దరూ ఏదో ఒక పరిశోధనలో డాక్టరేటు చేసి, దారి తప్పి ఇటు వచ్చినవాళ్లే. ఇద్దరినీ వాళ్ల విభాగాల్లో 'మన కంప్యూటరు మనిషి' అంటారు. క్లాసు ముగిసేలోగా అలాంటివాళ్లు ఆ గదిలో ఇంకా ముగ్గురు తేలారు. యంత్రాల నుంచి వచ్చే తేదీలను సరిచేసే చిన్న ప్రోగ్రామ్ ఒకదాన్ని, ఒకే ప్రాంగణంలో, ఎవరికి వారు, అందరూ రాసుకున్నారని కూడా తేలింది. అందరివీ ఫిబ్రవరి దగ్గర తప్పుతున్నాయి.

ఆ తర్వాత వాళ్లు ప్రతి బుధవారం మధ్యాహ్నం భోజనం డబ్బాలు పట్టుకుని అదే గదిలో కలవడం మొదలుపెట్టారు. గది కావాలంటే కారణం రాయాలి. గడ్డం 'అగ్నిమాపక శిక్షణ, కొనసాగింపు' అని రాశాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆమెకు ఆ బుధవారాలు ఎంత అవసరమో మొదటిసారి వెళ్లినప్పుడు తెలియలేదు. ఒకరోజు, వారాల తరబడి తనను ఏడిపించిన తప్పు చివరికి ఎక్కడ దొరికిందో చెప్పుకొచ్చింది. ఒక చోట మీటర్లు, ఇంకో చోట అడుగులు. చెబుతుంటే అందరూ చెంచాలు కింద పెట్టారు. నక్షత్రాలవాడు కళ్లు మూసుకుని "అబ్బా" అన్నాడు. అదే సంగతి అంతకుముందు ప్రొఫెసరుగారికి చెబితే, "మంచిది. మరి గ్రాఫు ఎప్పుడిస్తావు?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు కావలసింది గ్రాఫు.

వానాకాలం వచ్చేసరికి వాళ్ల మధ్య 'మీరు'లు పోయి 'నువ్వు'లు వచ్చాయి.

మరుసటి ఏడు నక్షత్రాలవాడు ఒక బీమా కంపెనీకి వెళ్లిపోయాడు. వెళ్లిన వారానికి అతని ప్రొఫెసరు నేలమాళిగకు దిగివచ్చాడు. ఆయన ఆ మెట్లు దిగడం అదే మొదటిసారి. గుమ్మంలోనే నిలబడి, "మావాడి ప్రోగ్రాములు మీలో ఎవరికైనా నడపడం వచ్చా?" అని అడిగాడు. ఎవరికీ రాదు. ఆయన కాసేపు గది కప్పు వైపు చూసి వెళ్లిపోయాడు.

"మనమంతా ఇక్కడే ముసలివాళ్లమైతే ఏమవుతాం?" అన్నాడు గడ్డం.

"ముసలి ఇతరులం" అంది ఆమె.

ఆ వారమే డైరెక్టరును కలిశారు. డైరెక్టరు నెమ్మదస్తుడు, బొమ్మలు గీస్తే తప్ప ఏదీ అర్థం చేసుకోడు. గడ్డం బోర్డు మీద నిచ్చెన గీసి, శాస్త్రవేత్తలకు ఇన్ని మెట్లు, ఆఫీసువాళ్లకు ఇన్ని మెట్లు, తోటపనివాళ్లకు కూడా ఇన్ని మెట్లు అని చూపించి, పక్కనే ఒక చుక్క పెట్టి, "ఇది మేమండీ" అన్నాడు.

డైరెక్టరు ఆ చుక్కను చాలాసేపు చూశాడు. "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు తేవడానికి వాళ్లకు మూడు నెలలు పట్టింది. శాస్త్రవేత్త అంటే శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. ప్రోగ్రామర్ అంటే పరిశోధన ఎటుపోయింది. పరిశోధన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అని చివరికి కుదిరింది. కుదిరిన రోజున ఆమె ఇంటికి వచ్చి ఆ పేరు అత్తగారికి చెప్పింది. అత్తగారు ఒకసారి పలికి చూసి, "పొడుగ్గా ఉంది. బాగానే ఉంది" అంది.

నిచ్చెన వచ్చింది. మూడు మెట్లు. పై మెట్టు మీద ఒక్కరికే చోటు.

ఆ చోటుకు ఆమె, గడ్డం ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. ఇంటర్వ్యూ రోజున ఒకే బెంచీ మీద కూర్చున్నారు. గడ్డం ఆ రోజు గడ్డం కత్తిరించుకుని వచ్చాడు. లోపల పెద్దలు ఆమెను, "మీ పేపర్లెన్ని?" అని అడిగారు.

"నా ప్రోగ్రామ్ మీద ఆధారపడినవి చాలా ఉన్నాయండీ. నా పేరున్నవి రెండు. ఒకదాంట్లో నా పేరు కృతజ్ఞతల్లో ఉంది, ముద్రించిన కాగితం కంపెనీ పేరు కింద."

వాళ్లు రెండు అని రాసుకున్నారు. గడ్డానికి ఒకటే ఉంది. చోటు ఆమెకు వచ్చింది.

"అభినందనలు" అన్నాడు గడ్డం. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ వచ్చే బుధవారం ఆమె నేలమాళిగకు దిగేసరికి లోపల మాటలు వినిపిస్తున్నాయి. తలుపు తీయగానే ఆగాయి. గడ్డం లేచి కుర్చీ జరిపాడు.

"కూర్చోండి" అన్నాడు.

ఆమె కూర్చుంది. భోజనం బాగా జరిగింది. ఎండల గురించి మాట్లాడుకున్నారు. ఎవరి ప్రోగ్రామ్‌లోనూ ఏ తప్పూ లేనట్టు, ఎవరి ప్రొఫెసరూ ఏమీ అననట్టు మాట్లాడుకున్నారు. వాళ్ల పనితీరు మీద ఏడాదికోసారి నివేదిక రాయాల్సింది ఇప్పుడు ఆమే.

ఆ సాయంత్రం అత్తగారు గిన్నెలు కడుగుతుంటే ఆమె తుడుస్తూ అడిగింది. "మీరు హెడ్ నర్సయ్యాక ఏం జరిగింది అత్తయ్యా?"

"ఏం జరుగుతుంది. నేను గదిలోకి వెళ్తే మాటలు ఆపేసేవాళ్లు."

"మీరేం చేశారు?"

"మొదట ఏడ్చాను. తర్వాత డ్యూటీల చార్టు వేశాను."

"మళ్లీ మాట్లాడారా?"

అత్తగారు ఒక గిన్నెను వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ నీళ్ల కింద పెట్టింది. "కొందరు మాట్లాడారు. చూడమ్మాయ్, నీ కలం కింద వాళ్ల బతుకుంది. అది లేనట్టు నటించావనుకో, వాళ్లకి ఇంకా భయం వేస్తుంది. ఉందని ఒప్పుకుని, వాళ్లకి పనికొచ్చేలా వాడు. ఇక నీ కష్టం చెప్పుకోవడానికంటావా, ఇంకో ఆసుపత్రి హెడ్ నర్సుని వెతుక్కో. నేనలాగే చేశాను. ఆవిడే నీ పెళ్లికి వెండి పళ్లెం ఇచ్చినావిడ."

ఆమెకు ఇప్పుడు తలుపున్న గది వచ్చింది, రోజంతా మీటింగులు వచ్చాయి. వరద ప్రోగ్రామ్‌ను ఇంకొకరికి అప్పగించక తప్పలేదు. అంత పెద్దదాన్ని మోయగలిగినవాడు గడ్డం ఒక్కడే. అప్పగించిన పక్షం రోజులకు అతను ఆమె తలుపు తట్టాడు.

"మేడమ్, వానను రెండుసార్లు లెక్కపెట్టి మళ్లీ సగం చేసే భాగం ఒకటుంది. అదెందుకో చెబుతారా?"

"దాన్ని ముట్టుకోకండి."

"ఎందుకని?"

"ముట్టుకుంటే మిగతాది పడిపోతుంది."

గడ్డం ల్యాప్‌టాప్ ఆమె బల్ల మీద పెట్టాడు. నిలబడే ఒక పేజీ చూపించాడు, ఇంకో పేజీ చూపించాడు. మూడో పేజీకి అతని గొంతు మారింది. "ఇలా ఎలా రాశావు నువ్వు? ఇన్నేళ్లు. ఒక్క చోట ఒక్క ముక్క వివరణ లేదు. ఇంకో మనిషి చదవాలని ఉండదా?"

ఆ 'నువ్వు' ఇద్దరికీ వినబడింది.

"ఇంకో మనిషి వస్తాడని నేననుకోలేదు" అంది ఆమె.

గడ్డం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె ఆ సాయంత్రం మీటింగు మానేసింది. ఏ అతుకు ఏ వరద నాడు వేసిందో, ఏ అతుకు భయంతో వేసిందో, ఏది ఎందుకు వేసిందో తనకూ గుర్తు లేదో, ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. ఆఫీసు తాళాలు వేసే మనిషి వచ్చి గుమ్మంలో నిలబడేదాకా చెబుతూనే ఉంది.

తర్వాతి నెలల్లో గడ్డం ఆ ప్రోగ్రామ్‌లో సగం తీసేశాడు. తీసేసిన ప్రతిసారీ పాత వరదలన్నిటినీ దాని మీద మళ్లీ నడిపి చూసేవాడు. అవే వీధులు తడిసేవి. ఆమె రోజూ ఫలితాలు చూసేది. అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతోషం వేసేది. తను లేనప్పుడు తన వంటిల్లు ఎవరో సర్దేసినట్టు, చక్కగా సర్దేసినట్టు, లోపల ఎక్కడో నొప్పిగానూ ఉండేది. రెండో సంగతి ఆమె పైకి అనలేదు.

ఏడాది చివర నివేదికల కమిటీ కూర్చుంది. డైరెక్టరు ఒకవైపు, సిబ్బంది విభాగం అధికారిణి ఒకవైపు. అధికారిణి గడ్డం కాగితం తీసింది. 'ఈ ఏడాది సాధించినది' అన్న గడిలో 'వరద ప్రోగ్రామ్‌ను సగానికి తగ్గించారు' అని, అడుగున 'పై మెట్టుకు సిఫారసు' అని ఆమె రాసి ఉంచింది.

"తగ్గించారా?" అంది అధికారిణి.

"అవునండీ."

"పెంచాలి కదా?"

"అక్కర్లేదండీ. పని అంతా అలాగే ఉంది. దాన్ని చేయించే కోడ్ సగమైంది. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లెవరైనా చదివి నడపగలరు. ఇదివరకు నాకు జ్వరమొస్తే ఊరికి వరద హెచ్చరిక వెళ్లేది కాదు."

డైరెక్టరు కొంచెం ముందుకు వంగాడు. "మీకు జ్వరమెప్పుడు వచ్చింది?"

"రాలేదండీ. రానివ్వలేదు."

డైరెక్టరు గడ్డం కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"తీసేసిన సగం ఎవరు రాసింది?" అన్నాడు డైరెక్టరు.

"నేనే."

"మీ పనిలో సగం తీసి పారేసినందుకు ఆయనకు మీ స్థాయి ఇవ్వమంటున్నారు."

"అవునండీ. అది చేసినందుకే ఇవ్వమంటున్నాను."

డైరెక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈ బల్ల దగ్గర ఇన్నేళ్లలో ఇలాంటి సిఫారసు తాను వినలేదని, విన్నందుకు ఆనందంగానే ఉందని, కాని పై మెట్టు మీద రెండో చోటు మాత్రం లేదని చెప్పాడు. కొత్త పోస్టు పుట్టించాలంటే పాలకమండలి కూర్చోవాలి. పాలకమండలి ఎప్పుడు కూర్చుంటుందో పాలకమండలికే తెలియదు.

"ఖాళీలు ఉన్నాయి" అంది అధికారిణి.

మిగతా ఇద్దరూ అధికారిణి వైపు చూశారు. ఆవిడ కంప్యూటరులో వెతికి చదివింది. "ప్రధాన గాజు నిపుణుడు. అదే గ్రేడు. పింఛనుంది."

ఒకప్పుడు సంస్థలో గాజు విభాగం ఉండేదట. శాస్త్రవేత్తలకు కావలసిన గొట్టాలు, బుడ్లు, ఎవరికి ఎలా కావాలంటే అలా, మంట మీద ఊది చేసిపెట్టేవాళ్లట. వాళ్లకు అడుగు నుంచి పైదాకా మెట్లుండేవట. తర్వాత గాజు బయట కొనడం మొదలైంది, విభాగం స్థలంలో సైకిల్ స్టాండు వచ్చింది, ఆఖరి నిపుణుడు రిటైరయ్యాడు. పోస్టు మాత్రం రద్దు కాలేదు. రద్దు చేయమని ఎవరూ అడగలేదు.

"ఆయనకు గాజు పని రాదండీ" అంది ఆమె.

"ఎవరికీ రాదు. అందుకే ఖాళీగా ఉంది" అంది అధికారిణి.

ఆమె వెళ్లి ఈ సంగతి ఉన్నదున్నట్టు గడ్డానికి చెప్పింది. అతని దగ్గర అప్పటికే ఒక కబురుంది. నక్షత్రాలవాడు తన బీమా కంపెనీలో అతనికి చోటు చూసి పెట్టాడు. జవాబివ్వడమే తరువాయి.

"నివేదికలో ఏం రాశావు?" అన్నాడు గడ్డం.

చూపించింది. అతను చదివాడు. "సగం కాదు, సగానికి పైనే" అన్నాడు.

"దిద్దనా?"

"వద్దు, ఉండనీ." ఇంకోసారి చదివాడు. "వాళ్లు నిజంగా గాజు ఊదమంటే?"

"ఊదమనరు."

గడ్డం రెండు రోజులు ఆలోచించి గాజు నిపుణుడయ్యాడు. ఎందుకు వెళ్లలేదని ఆమె తర్వాత అడిగింది. "ఆ కంపెనీలో బుధవారాలున్నాయా అని మనవాణ్ణి అడిగాను. అక్కడ అందరూ ప్రోగ్రాములు రాసేవాళ్లేనట. అందుకని ఎవరూ ఎవరితోనూ మాట్లాడరట" అన్నాడు.

ఆమె నేలమాళిగకు వెళ్లడం మానలేదు. తలుపు తీయగానే మాటలు ఒక క్షణం తగ్గేవి, తర్వాత మళ్లీ లేచేవి. ఆ క్షణం ఎప్పటికీ పోదని ఆమెకు తెలిసింది, అలవాటు చేసుకుంది. తనలాగే నివేదికలు రాయాల్సివచ్చిన కంప్యూటరు మనుషులను వేరే సంస్థల్లో వెతికి పట్టుకుంది. నెలకోసారి వాళ్లంతా తెర మీద కలుస్తారు, ఎక్కడా చెప్పుకోలేనివి చెప్పుకుంటారు. ఆ ఏటి వార్షిక సంచికలో డైరెక్టరు గాజు విభాగం పునరుద్ధరణను సంస్థ విజయాల్లో చేర్చాడు.

వసంతంలో స్టోర్స్ నుంచి గడ్డం పేరిట ఒక పెట్టె వచ్చింది. తోలు ఏప్రాను, నల్ల కళ్లద్దాలు, మంటకు తట్టుకునే చేతి తొడుగులు. పోస్టుతో పాటు వచ్చేవట, వద్దనడానికి వీల్లేదట. గడ్డం సంతకం పెట్టి తీసుకున్నాడు. తొడుగులు మైక్రోవేవ్‌లోంచి డబ్బాలు తీయడానికి బాగా పనికొచ్చాయి.

ఒక బుధవారం అందరూ తింటుండగా ఒక వృద్ధ రసాయన శాస్త్రవేత్త మెట్లు దిగివచ్చింది. చేతిలో తువ్వాలులో చుట్టిన గాజు గొట్టం, రెండు ముక్కలు. ఇలాంటిది ఇప్పుడు బయట ఎక్కడా దొరకడం లేదట. "ప్రధాన గాజు నిపుణుడు ఎవరు బాబూ?" అంది.

అందరూ గడ్డం వైపు చూశారు. గడ్డం లేచి, తొడుగులున్న చేతులతోనే ముక్కలు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేనేనండీ. కాని నాకు రాదు" అన్నాడు.

"మరి ఎవరికి వస్తుంది?"

అందరూ చెంచాలు కింద పెట్టారు. ఆమె తెర మీది స్నేహితులకు కబురు పెట్టింది. వాళ్లు ఇంకొకరిని అడిగారు, ఆ ఇంకొకరు మరొకరిని అడిగారు. భోజనాలు సగంలో ఉండగానే ఒక నంబరు వచ్చింది. వేరే ఊళ్లో, వేరే సంస్థలో, గాజు ఊదే మనిషి ఒకాయన ఇంకా ఉన్నాడట, ఒక్కడే ఉన్నాడట.

గడ్డం ఫోన్ చేసి విషయం చెప్పాడు. అవతలి మనిషి గొట్టం పొడవెంత, ఎక్కడ విరిగింది, అంచు ఎలా ఉందని అడిగాడు. సరే పంపండి, అతికించి పంపిస్తానన్నాడు. తర్వాత కూడా ఫోన్ పెట్టలేదు. తన కొలిమి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఈమధ్య గాజు మునుపటిలా రావడం లేదని, పోయిన నెల ఒక మెలిక గొట్టం చేయడానికి ఎంత అవస్థ పడ్డాడో, చివరికి అది ఎక్కడ కుదిరిందో చెబుతున్నాడు. గడ్డానికి అందులో సగం అర్థం కాలేదు. రసాయన శాస్త్రవేత్తకు కూర్చోవడానికి కుర్చీ చూపించి, మైక్రోవేవ్‌కు ఆనుకుని నిలబడ్డాడు. "ఆఁ, చెప్పండి" అన్నాడు. "తర్వాత ఏమైంది?"